రెండు కిలోల గుండు

వంశధారలో నన్ను ముంచింది ఒక ఆదివారం, ఫిబ్రవరిలో.
నీళ్ళు మోకాళ్ళ దాకే ఉన్నాయి.
పాస్టరుగారు నన్ను దాదాపు పడుకోబెట్టి ముంచారు.
లేచేసరికి ముక్కులో ఇసక,
ఒడ్డున తువ్వాలుతో మా ఆవిడ,
పాతవాడు పోయాడని చప్పట్లు.

మంగళవారం సంత.
గుణుపురంలో మా అడితి గుమ్మానికి కాటా తగిలించి
రెండు కిలోల గుండు పైకి తీశాను.
దాని అడుగున మా నాన్న పోయించిన సీసం
నూట యాభై గ్రాములు.
దాన్నెవరూ నీళ్ళలో ముంచలేదు.

కొండ దిగి సవర ఆడవాళ్ళు వచ్చేవారు,
తెల్లారకముందే బయల్దేరి,
చింతపండు గంపలు నెత్తిన పెట్టుకుని.
వాళ్ళలో సుంబారి పెద్దది.
చెవుల్లో అణా బిళ్ళంత చెక్క కమ్మలు.
ఆదివారం మా గుళ్ళోనే, చాప మీద మూడో వరసలో,
ప్రార్థన పూర్తి కాకముందే ఆమెన్ అనేసేది.
మంగళవారం నా కాటా ముందు
ఏమీ అనేది కాదు.
తూకం అయ్యాక ఇంకో గుప్పెడు తీసి
పళ్ళెంలో పడేసి వెళ్ళేది.
లెక్క రాని మనిషి అనుకున్నాను.

పదకొండేళ్ళు.
ఈ మధ్యలో నేను సంఘ కమిటీలోకి వచ్చాను.
శుక్రవారాలు ఉపవాసం.
గుడికి మైకుసెట్టు నాదే, దాని మీద నా పేరు కూడా.
కళ్ళు మూసుకుంటే ముప్పావుగంట ప్రార్థన.
ఎదిగానన్నారు. నిజమే,
గొంతు ఎదిగింది.

ఆ ఏడు కాపు బాగా కాసింది.
గంపలు దించి దించి సుంబారి నడుం పట్టుకుంది.
అరుగు మీద కూలబడి, గుండు వైపు చూస్తూ,
వచ్చీరాని తెలుగులో అంది:
"నీ గుండి బరువు, బాబూ."

గుండు అందో,
గుండె అందో.
మా వైపు గుండెని గుండి అనే అంటాం.
అడగాలంటే భయమేసింది.
ఆ గుప్పెడు ఎందుకు వేసేదో
అప్పుడు తెలిసింది. పళ్ళెం లేవక
నేను తిప్పలు పడకూడదని.

రాత్రి పద్దుల పుస్తకం తీశాను.
గంపకింత, వారానికింత, ఏడాదికింత...
మూడో పేజీకి పెన్సిలు ముక్కు విరిగింది.
నాలుగంతలు తిరిగిచ్చిన సుంకరి కథ నాకు నోటికొచ్చు,
చెప్పి కన్నీళ్ళు పెట్టించాను కూడా.
వాడికి లెక్క ఎవరు రాసిపెట్టారో!

కమ్మరి పైడయ్య సీసం కరిగించి తీశాడు.
చల్లారాక చూస్తే
మా నాన్న బొటనవేలంత ఉంది.

సంతలో అందరి ముందూ చెప్పాను.
సుంబారి నవ్వింది, పొగాకు పళ్ళతో.
మనవడు ఇలియాజరు నవ్వలేదు.
పర్లాకిమిడిలో చదివినవాడు,
"మా అమ్మమ్మ మోకాళ్ళకి ఎంత కడతావు?" అన్నాడు.
జవాబు లేదు. ఇప్పటికీ లేదు.
ఇవ్వగలిగింది ఇచ్చాను, అదీ రెండు విడతల్లో.
నాలుగంతలు కాదు. ఒక అంత కూడా
అయిందో లేదో.

చింతకాయ పచ్చిగా ఉన్నప్పుడు
పెంకు తీయాలంటే కండ ఊడొస్తుంది.
పండిందా,
లోపల కండే కాస్త వెనక్కి తగ్గుతుంది,
పెంకు దానంతటదే గలగలమంటుంది.
ఇన్ని వేల గంపలు కొన్నాను,
ఒక్క కాయని చెవి దగ్గర పెట్టుకుని వినలేదు.

పూర్తిగా పండానని అనను.
మొన్న కూడా కాటా పట్టుకుంటే
బొటనవేలు పళ్ళెం వైపు జరిగింది.
మునిగిన రోజు అదొక్కటీ
నీళ్ళ పైన ఉండిపోయిందేమో.
ఇప్పుడు ఎడంచేత్తో తూస్తున్నాను,
ఆ చేతికి ఇంకా దొంగపని రాదు.

సుంబారి వస్తూనే ఉంది, కర్ర పట్టుకుని, సగం గంపతో.
తూకం సరిపోయాక
మళ్ళీ గుప్పెడు తీసి వేసింది.
"వద్దమ్మా, గుండు ఇప్పుడు సరైనదే" అన్నాను.
"తెలుసు," అంది. "ఇది కొసరు."